పడుగు, పేక, మా అమ్మాయి తెలుగు

నెల్లూరులో మా ఇంటి గోడమీద అమ్మానాన్నల పెళ్ళి ఫోటో ఉంది. నలుపు తెలుపు. నిరుడు వేసవి సెలవులకు డల్లాస్ నుంచి వచ్చినప్పుడు పన్నెండేళ్ళ మా అమ్మాయి దాని ముందు నిలబడి, "అమ్మమ్మా, నీ చీర ఏం కలర్?" అని అడిగింది.

"చిలకాకుపచ్చ. ఎర్రంచు. మా నాయన పాటూరులో చెప్పి నేయించినాడు."

పుట్టినప్పటినుంచీ ఆ ఫోటో చూస్తున్నాను. ఈ మాట నేను ఎన్నడూ అడగలేదు.

ఆ మర్నాడే పాత ఆల్బమ్‌లన్నీ కిందికి దించాం. పెళ్ళి ఫోటో తేమకు అద్దానికి అతుక్కుపోయింది. ఊడదీస్తే బొమ్మ పైపొర అద్దంతోపాటే వస్తుంది. అందుకని ఫ్రేమ్‌లోనే ఉంచి, కిటికీ పక్కన పెట్టి ఫ్లాష్ లేకుండా తీశాం. మిగతావి స్కాన్ చేశాం. వెనక పెన్నుతో రాస్తే అచ్చు ముందుకు పడుతుందని మెత్తటి పెన్సిల్‌తో పేర్లు రాశాం. అమ్మ చెబుతుంటే ఫోన్లో రికార్డు చేసింది అమ్మాయి. చీర రంగు ఉన్నది ఆ గొంతులోనే కదా, ఫోటోలో లేదు.

తర్వాత పాటూరు వెళ్ళాం. నెల్లూరు నుంచి పెన్న దాటితే కోవూరు, ఆ మండలంలోనే ఉంది ఆ ఊరు. తెలిసినవాళ్ళ ద్వారా ఒక నేత ఇంటికి ముందే కబురు పెట్టాం. గుంట మగ్గం. నేసే పెద్దాయన కాళ్ళు గుంటలో, చేతులు నేలకు కాస్త పైన. పొడుగునా బిగించిన దారం పడుగు, అడ్డంగా నాడెతో, అంటే అటూ ఇటూ దారం మోసుకుపోయే చిన్న పడవలాంటి దానితో, పోయేది పేక అని చూపించాడు. వానలు పట్టుకుంటే గుంటలోకి చెమ్మ చేరి పని ఆగుతుందట.

నాకు బాగా గుర్తుండిపోయింది ఒకటుంది. ఇంట్లో మేం తెలుగు మాట చెప్పగానే మా పిల్ల మనసులో దాన్ని ఇంగ్లీషులోకి మార్చుకుంటుంది. పడుగుకీ పేకకీ ఇంగ్లీషులో ఏమంటారో దానికి తెలియదు. ఆ వస్తువుకు మొదటి పేరు తెలుగులోనే పడింది. కారులో తిరిగి వస్తూ "పేక లాగితే చీర ఊడిపోతుందా?" అని అడిగింది. మధ్యలో ఒక్క ఇంగ్లీషు ముక్క లేదు. ఆదివారం తెలుగు క్లాసులకు నాలుగేళ్ళు తిప్పాను. అవి వద్దనను, అక్షరాలు వచ్చింది అక్కడే. కానీ ఆ ప్రశ్న అక్కడ పుట్టేది కాదు.

ఇంటికొచ్చి ఫోటోలు చూపిస్తే అమ్మ ఒకటికి రెండుసార్లు తిప్పి చూసింది. "నేసే ఆయన్నే తీశావేందమ్మా? కండెలు చుట్టే ఆమె ఏదీ?"

నిజమే. వాకిట్లో రాట్నం ముందు కూర్చుని ఆయన భార్య పొద్దంతా కండెలు చుట్టింది. దారం చుట్టిన చిన్న గొట్టమే కండె, అది నాడెలో పెడితేనే పేక నడిచేది. మా ఆల్బమ్‌లదీ అదే కథ. వంటింట్లో ఉన్న అమ్మమ్మ ఫోటో ఒక్కటీ లేదు.

వారం తర్వాత మళ్ళీ వెళ్ళాం. "పెద్దమ్మా, మీ ఫోటో తీసుకోవచ్చా?" అని అమ్మాయే అడిగింది. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. ఎక్కడ పెడతారు, ఎవరికి చూపిస్తారు అని అడిగింది. మేం దాచుకోవడానికేనని, బయట పెట్టబోమని చెప్పాం. అప్పుడు లోపలికెళ్ళి చీర మార్చుకుని వచ్చింది. పని చేసేటప్పుడు కట్టుకునే చీరలోనే తీద్దామనుకున్నాం. కానీ ఆమె ఫోటో ఆమె ఇష్టం.

నెల్లూరులో స్టూడియోలో రెండు ప్రింట్లు వేయించాం. ఒకటి ఆమెకు ఇచ్చి వచ్చాం. రెండోది డల్లాస్‌లో మా అమ్మాయి బల్ల మీద ఉంది. వెనక పెన్సిల్‌తో, ఒత్తులు కాస్త వంకర పోయిన తెలుగులో రాసుకుంది: "పాటూరు పెద్దమ్మ. కండెలు చుడుతుంది. చీర మామిడిపండు రంగు."