డ్రై ఐస్ లేకుండా తీశావేం?

మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లోంచి మెదడు ముక్క తీసి లేబుల్ చదువుతుంటే, మా సీనియర్ టెక్నీషియన్ అందరి ముందే అడిగేసింది. డచ్చివాళ్లకు మొహమాటం లేదు. చాటుకి పిలిచి చెప్పడమన్నది వీళ్ల ఒంట్లోనే లేదు.

తప్పు మాత్రం నాదే. అంచు కాస్త కరిగి మళ్లీ గడ్డకట్టిందా, మంచు పలుకులు కణాలను చీల్చేస్తాయి. స్లైడు మీద జల్లెడ కనిపిస్తుంది. ఆ చిల్లు జబ్బు చేసిందా, మన చెయ్యి చేసిందా అన్నది ఇక తేలదు.

ఆ ముక్క ఫ్రీజర్‌కి చేరడం మాటలు కాదు. పరిశోధన కోసం మెదళ్లు సేకరించే నెదర్లాండ్స్ బ్రెయిన్ బ్యాంకు 1985లో మొదలైంది. మెదడు ఇస్తానని మనిషి బతికుండగానే దానికి సంతకం పెడతాడు. పోయాక, రాత్రి రెండైనా సరే, ఇంట్లోవాళ్లు ఫోన్ చేస్తారు. చాలాసార్లు పది గంటల లోపే ఆమ్‌స్టర్‌డామ్‌లో మెదడు తీయడం అయిపోతుంది. ముఖం చెదరదు. కొంత ఫార్మాలిన్‌లోకి, కొంత ద్రవ నత్రజనిలోకి. నరాల తొడుగు దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎమ్మెస్) జబ్బైతే సెంటీమీటరు మందాన బిళ్లలు కోసి, వాటికి ఎమ్మారై తీసి ముక్కలు ఎంచుకునే పద్ధతి ఉంది. లోపలి నీటి గదుల పక్కన ఉండే బూడిదరంగు మచ్చలు కంటికి ఆనతాయి. పైపొరలోవి మాత్రం ఆ తొడుగులో ఉండే మైలిన్ ప్రొటీన్‌కి రంగు వేస్తేగానీ బయటపడవు. అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్‌ది ఇంకో పేచీ. ఫార్మిక్ యాసిడ్‌లో కొన్ని నిమిషాలు నాననివ్వకపోతే రంగు సరిగ్గా పట్టదు, ఉన్న జబ్బు లేనట్టే కనిపిస్తుంది.

"మీ ఇండియావాళ్లు మెదడు ఇవ్వరేం? నమ్మకాలు ఒప్పుకోవా?" అని ఇక్కడివాళ్లు అడుగుతారు, జవాబూ వాళ్లే చెప్పేస్తారు. అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. నేత్రదానం మనకు కొత్తా? కళ్లూ ఆరు గంటల లోపే తీయాలి కదా! పొద్దుగూకేలోపు కానిచ్చేయాలన్న తొందర మనకి ఉండనే ఉంది. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 1995 నుంచీ మెదడు బ్యాంకు నడుస్తోంది.

మనకి అడ్డం నమ్మకం కాదు, శవాన్ని ఉంచే ఫ్రీజర్ బాక్సు. అమెరికా కొడుకు దిగేదాకా రెండ్రోజులు అందులోనే. పేరుకే ఫ్రీజర్. పుర్రె లోపలికి చల్లదనం చేరడానికే గంటలు పడుతుంది, ఈలోపు కణాల్లో జన్యు సందేశాలు మోసే ఆర్‌ఎన్‌ఏ ముక్కలవుతూనే ఉంటుంది. ఆ కొడుకులని నేను తప్పుపట్టలేను, నాదీ విమానం దిగాల్సిన బతుకే.

"మా తాతకి మతి బ్రహ్మాండంగా ఉండేది, ఆయన మెదడెందుకు?" అంటారు కొందరు. ఏ బ్యాంకులోనైనా కొరత అలాంటి మెదళ్లకే. పక్కన పెట్టి పోల్చడానికి జబ్బులేనిది లేకపోతే, జబ్బుపడ్డదాంట్లో ఏది ముసలితనమో ఏది రోగమో ఎలా చెప్పేది?