సూపు అడుగున చేమదుంప

మూత తీయగానే గుప్పున నువ్వుల నూనె వాసన. పక్కింటి బామ్మగారు ఇచ్చి వెళ్లిన గిన్నె. పేరు చెప్పారు గానీ నాకు సరిగ్గా వినపడలేదు.

గరిటెతో కలిపి చూశా. ముల్లంగి, క్యారెట్, గోబో వేరు, కొన్యాకు (కంద జాతి దుంపతో చేసే జెల్లీ) ముక్కలు. ఇవన్నీ తొన్‌జిరు అనే జపాన్ సూపులోనూ వేస్తారు. కానీ దానికి పంది మాంసం, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) ఉండాలి కదా, ఇందులో రెండూ లేవు. రసం తేటగా, సోయా సాస్ రంగులో ఉంది. టోఫు కత్తితో కోసింది కాదు, చేత్తో చిదిపి వేసింది. అంచులు చూస్తేనే తెలిసిపోతోంది.

అప్పుడు తట్టింది. కెన్‌చిన్‌జిరు!

జపాన్‌లోని కామకురాలో 1253 నాటి కెన్‌చోజి గుడి ఉంది. ఆ పేరే ఈ సూపుకి వచ్చిందంటారు. అక్కడి భిక్షువుల వంట. కూరగాయల్ని ముందు నువ్వుల నూనెలో వేయించి, కొంబు అనే సముద్రపు నాచు, ఎండు షిటాకే పుట్టగొడుగులు నానబెట్టిన నీళ్లలో ఉడికిస్తారు. ఎంత శ్రద్ధో!

అడుగున ఇంకో ముక్క. నోట్లో పెట్టుకోగానే జిగురుగా జారింది. సతోయిమో. అంటే మన చేమదుంపే! అమ్మ పులుసు పెట్టే చేమదుంప. గిన్నె పట్టుకుని అలాగే కూర్చుండిపోయా.

ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు. రేపు పొద్దున్నే పులిహోర కలుపుతున్నా.