మళ్లీ ఈ1: విశాఖ ట్రిప్పు దగ్గర పడుతోంది, ఫ్రిజ్ మాత్రం లొంగట్లేదు

రాత్రి ఫ్రిజ్ మళ్లీ ఆగింది. పొద్దున తలుపు తీసేసరికి పాలు విరిగిపోయి, ట్రిప్పుల్లో పడుకునేలా మార్చుకుంటున్న నా మారుతీ ఈకో వ్యాను అంతా పులిసిన వాసన. ఫ్రిజ్ డిస్‌ప్లే మీద ఈ1, అంటే దానికి అందే వోల్టేజీ తక్కువని.

మిగతా పనులు సాఫీగానే ఉన్నాయి. మంచం అయిపోయింది, దోమతెర అయస్కాంతాలతో బాగా పట్టుకుంటోంది, క్యారియర్ మీద 100 వాట్ల సోలార్ ప్యానెల్‌కి వంక పెట్టడానికి లేదు. అన్నీ బోల్టులు విప్పితే బయటికొచ్చేలా పెట్టాను. బండిలో అనుమతి లేని మార్పులు చేయకూడదనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ గురించి రోడ్డు మీద వాదించే ఓపిక నాకు లేదు.

ఇక ఫ్రిజ్. బ్యాటరీ మీద అనుమానమే లేదు. 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అంటే 1280 వాట్ అవర్లు, రాత్రంతా తిరిగినా ఫ్రిజ్ తినేది 300కి అటూ ఇటూ. పొద్దున చూస్తే సగం పైనే మిగిలి ఉంటోంది. కంప్రెసర్ ఆగి ఉన్నప్పుడు ఎక్కడ మీటరు పెట్టినా 13.2 వోల్టులు చూపిస్తుంది, అన్నీ బాగున్నట్టే ఉంటుంది. కంప్రెసర్ తిరుగుతూ 5.2 ఆంపియర్లు లాగుతున్నప్పుడు కొలిస్తేనే అసలు సంగతి బయటపడింది: బ్యాటరీ దగ్గర 13.12, ఫ్యూజు దాటాక 13.07, సిగరెట్ లైటర్ సాకెట్ వెనక 12.82, ఫ్రిజ్ దగ్గర 11.37. బ్యాటరీ మరీ ఖాళీ కాకుండా ఫ్రిజ్‌ని ఆపేసే సెట్టింగు ఒకటుంది, బ్యాటరీ ప్రొటెక్షన్ అని. అది ‘హై’లో ఉంటే ఫ్రిజ్ 11.1కి కట్ అవుతుంది. రాత్రి బ్యాటరీ ఇంకో 0.3 వోల్టు దిగిందంటే చాలు.

“వైరు లావు చేస్తే సరిపోద్దండీ,” అన్నాడు ఆటోనగర్ ఎలక్ట్రీషియన్. ఫ్యూజు నుంచి సాకెట్ దాకా ఉన్న మూడున్నర మీటర్ల 2.5 స్క్వేర్ ఎంఎం వైరు తీసేసి 6 లాగాం. ఫినోలెక్స్ కంపెనీదే వేశాను, రాగి విషయంలో నేను రాజీపడను. సాకెట్ వెనక 12.96కి వచ్చింది. దక్కింది 0.14 వోల్టు. రాత్రి ఒంటిగంటకి ఆగే ఫ్రిజ్ మూడింటికి ఆగింది, అంతే తేడా.

పోయేదంతా సాకెట్ తర్వాతే పోతోంది. ఫ్రిజ్‌తో వచ్చిన రెండున్నర మీటర్ల వైరు విప్పి చూస్తే లోపల వెంట్రుకల్లాంటి నాలుగు పోగులు. లెక్క వేస్తే దానిలోనే అర వోల్టుకి పైగా పోతోంది. మిగతా 0.9 సాకెట్‌లోని స్ప్రింగు దగ్గర. 5 ఆంపియర్ల మీద అంటే దాదాపు 5 వాట్ల వేడి ఆ చిన్న ప్లాస్టిక్ ముక్కలో. దూరం నుంచే వేడి కొలిచే ఐఆర్ గన్ పెడితే 68 డిగ్రీలు. పైగా వోల్టేజీ తగ్గేకొద్దీ ఫ్రిజ్ కంట్రోలర్ ఎక్కువ కరెంటు లాగుతుంది, స్ప్రింగు ఇంకా వేడెక్కుతుంది. ప్రొటెక్షన్ ‘లో’లో పెట్టుకుంటే ఇంకా తక్కువ వోల్టేజీ దాకా ఆగదని అందరూ చెప్పేదే. పెడితే తెల్లారేదాకా నడుస్తుంది కూడా. కానీ ఆ వేడి పక్కన పరుపు వేసుకుని ఎవరు పడుకుంటారు? సిగరెట్ సాకెట్ ఫోన్ ఛార్జింగుకే పనికొస్తుంది, నన్నడిగితే.

సాకెట్ పీకేసి ఆండర్సన్ ఎస్‌బీ50 అనే గట్టి పవర్ కనెక్టర్ పెట్టాను, ఫ్రిజ్ దాకా 4 స్క్వేర్ ఎంఎం వైరు. ఇప్పుడు ఫ్రిజ్ దగ్గర 12.7, చెయ్యి పెడితే చల్లగా ఉంది. హమ్మయ్య అనుకున్నాను. రాత్రి మళ్లీ ఈ1!

ఫ్రిజ్ వైపు ఉండే రెండు పిన్నుల ప్లగ్గుని కదిపి చూశాను. మీటరు 12.7 నుంచి 11.9కి గెంతి మళ్లీ పైకి. కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో ఇంకా కిందికి పోతుందేమో, మామూలుగా కొలిస్తే దొరకదు. లోపలి పిన్నులు వదులయ్యాయని నా అనుమానం. ఫ్రిజ్ లోపలి సర్క్యూట్ బోర్డే వోల్టేజీ తప్పు చదువుతోందా అన్నది రెండోది. వైరు నేరుగా సోల్డరింగ్ చేసేయొచ్చు, కానీ వారంటీ ఇంకా ఉంది.

ఈ ఆదివారం మీటరుని మిన్-మ్యాక్స్‌లో (అతి తక్కువ, అతి ఎక్కువ రీడింగులు గుర్తుపెట్టుకునే మోడ్) పెట్టి, ప్లగ్గుని కేబుల్ టైతో బిగించి మంగళగిరి దాకా వెళ్లొస్తాను. 12 వోల్టుల కంటే దిగకుండానే ఈ1 వస్తే తప్పు బోర్డుది, నేరుగా సర్వీసుకి.

రూటు మాత్రం ఖాయం. సంక్రాంతి రద్దీ తగ్గాక బండిని విశాఖ తీసుకెళ్తాను, బావ అక్కడ ఎక్కుతాడు. కత్తిపూడి దగ్గర హైవే 16 వదిలేసి 216 పట్టుకుంటాం: కాకినాడ, అమలాపురం, చించినాడ వంతెన మీదుగా నరసాపురం, మచిలీపట్నం, పులిగడ్డ దగ్గర కృష్ణ దాటి రేపల్లె, బాపట్ల. టైము కలిసొస్తుందని బావ 16 మీదే పోదామంటున్నాడు. లారీల మధ్య పోవడానికి ఇంత కష్టపడి మంచం కొట్టించడం దేనికి? రాత్రుళ్లు మంగినపూడిలో ఒకటి, సూర్యలంకలో ఒకటి అనుకుంటున్నాం. సూర్యలంకలో హరిత రిసార్టు వాళ్లని పార్కింగ్, బాత్రూమ్ గురించి ముందే అడగాలి. ఫ్రిజ్ అప్పటికీ దారికి రాకపోతే థర్మాకోల్ పెట్టె ఎలాగూ ఉంది, దారంతా చేపల రేవులే కాబట్టి ఐసుకి ఇబ్బంది లేదు.