మామిడి తోటలో పెళ్లి: ఫొటోలు పందిరి దగ్గరే మొదలవుతాయి

నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటల్లాంటి చోట, పెళ్లివారి సొంత తోటలో జరిగే వేసవి పెళ్లికి ఫొటోలు తీయడానికి ఒప్పుకున్నారా? అయితే ముందుగా మాట్లాడాల్సింది పెళ్లికొడుకుతోనో పెళ్లికూతురితోనో కాదు, పందిరి వేసేవాళ్లతో. హాల్లో లైట్లు మనం పెట్టుకుంటాం. తోటలో లైటు పెట్టేది పందిరి. రాటలు పాతి ఆకు కప్పేశాక ఎంత ఖరీదైన కెమెరా తెచ్చినా ఆ వెలుతురుతో సర్దుకుపోవాల్సిందే.

పందిరి కింద ఇబ్బందులు మూడు. పచ్చి కొబ్బరాకుల సందుల్లోంచి ఎండ రూపాయి బిళ్లల్లా ముఖాల మీద పడుతుంది. బుగ్గ మీద ఒక మచ్చ తెల్లగా పేలిపోతుంది, కన్ను నీడలో ఉండిపోతుంది. చుట్టూ ఉన్న చెట్ల పచ్చదనం ఒంటి మీదకు వచ్చి, పసుపు రాసిన ముఖం జబ్బుపడ్డట్టు కనిపిస్తుంది. మూడోది అన్నిటికన్నా మొండిది, రంగుల షామియానా గుడ్డ. గులాబీ, పసుపు గుడ్డల్లోంచి దిగిన వెలుతురు ఒక చెంపకు ఒక రంగు, రెండో చెంపకు ఇంకో రంగు పులుముతుంది. వైట్ బ్యాలెన్స్ (కెమెరాలో రంగులు సరిచేసే సెట్టింగు) ఎటు జరిపినా ఒక పక్క బాగుపడితే రెండో పక్క పాడవుతుంది. అది ఎడిటింగ్‌లో తేలే పని కాదు.

ఈ మూడింటికీ మందు ఒకటే, రంగుల షామియానాకు బదులు తెల్ల గుడ్డ. పైన ఆకు ఎలాగూ కప్పుతారు. దాని కింద అడుగు దూరం వదిలి, పీటలున్న మేరకు అంటే సుమారు 12 అడుగులకు 12 అడుగులు, మామూలు తెల్ల నూలు గుడ్డ లాగి కట్టమనండి. మెరిసే శాటిన్ వద్దు. ఎండ మచ్చలన్నీ ఆ గుడ్డ మీదే ఆగి, కిందకు ఒకే తీరు వెలుతురు దిగుతుంది. రాత్రి ముహూర్తమైతే ఫ్లాష్ పైకి తిప్పి కొట్టడానికి అదే గుడ్డ సీలింగ్‌గా పనికొస్తుంది. ఆకులకు కొడితే వెలుతురంతా అవే మింగేస్తాయి. అయితే గుడ్డ 8, 9 అడుగుల ఎత్తుకు తగ్గకూడదు, హోమం మంట ఉంటుంది. అగ్నిగుండానికి సూటిగా పైన గుడ్డలో ఖాళీ వదలాలి. అక్కడ రెండు ఎండ మచ్చలు పడితే పడనివ్వండి.

పీటలు చాలావరకు తూర్పుముఖంగా వేస్తారు. మార్చమని పంతులుగారిని అడగడం మర్యాద కాదు, అవసరమూ లేదు. లెక్క వేసుకుంటే చాలు. మే నడిమధ్యలో ఉదయం 8 గంటలకు సూర్యుడు 32 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. చూరు 8 అడుగుల ఎత్తుంటే ఎండ 12, 13 అడుగులు లోపలికి వస్తుంది. అంటే పీటలు దాటి ఎండ నేరుగా ముఖాల మీదే. అదే పదిన్నరకు 3 అడుగులే వస్తుంది. పదిన్నర ముహూర్తానికి పీటలు 5 అడుగులు లోపలికి జరిపితే సరి. ఎనిమిదికైతే తూర్పు పక్క పైనుంచి సగం దాకా తెల్ల పంచె వేలాడదీయాలి. ఉత్తరం వైపు మాత్రం ఏమీ కట్టనివ్వకండి, మెత్తటి వెలుతురు వచ్చే దారి అదే. ముందురోజు సరిగ్గా ముహూర్తం వేళకు ఒకరిని పీటల చోట కూర్చోబెట్టి ఒక ఫొటో తీసి చూసుకుంటే అనుమానాలన్నీ తీరిపోతాయి.

పంతులుగారితో పది నిమిషాలు కూర్చోండి. పెళ్లికూతుర్ని మేనమామ బుట్టలో తెస్తారా, మధుపర్కాలు ఎప్పుడు కట్టబెడతారు, జీలకర్ర బెల్లం అడ్డుతెర ఉండగానే పెట్టిస్తారా, తలంబ్రాలు ఎంతసేపు? ఇంటింటికీ పద్ధతి మారుతుంది. కిందటి పెళ్లిలో చూసిన వరస ఇక్కడా ఉంటుందనుకోవడమే పెద్ద పొరపాటు.

జీలకర్ర బెల్లం ఘట్టం ఉండేది కొన్ని క్షణాలే. తమలపాకులో ముద్ద, తెర కింది నుంచో పక్క నుంచో చెయ్యి చాపడం, నడినెత్తిన అదిమిపట్టడం, ఎండకు కరిగిన బెల్లం పాపిట వెంట సన్నగా జారడం. తెర దిగగానే ఇద్దరూ ఒక్కసారి తలెత్తుతారు. ఆ చూపు కోసమే ఇంత ఏర్పాటూ. ఒక్కరే తీస్తుంటే పక్కనుంచి తీయండి, రెండు ముఖాలూ రెండు చేతులూ దొరుకుతాయి. ఇద్దరుంటే రెండోవారు పెళ్లికొడుకు భుజం వెనక మోకాళ్ల మీద కూర్చోవాలి. చాలామంది ఇక్కడ ఎఫ్/1.4 పెట్టి, అంటే లెన్స్ రంధ్రం బాగా తెరిచి, చెడగొట్టుకుంటారు, ఒక ముఖం స్పష్టంగా వచ్చి రెండోది మసకబారుతుంది. ఎఫ్/4, షట్టర్ 1/320 సెకను, ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ సున్నితత్వం) 1600 ఆ నీడలో సరిపోతాయి. మధుపర్కాలు కట్టుకుని ఉంటే కెమెరా మీటరు తెల్ల నూలును చూసి మోసపోయి ఫొటోను మసకగా తీస్తుంది, కాస్త వెలుతురు పెంచాలి. పెంచేటప్పుడు హిస్టోగ్రాం (ఫొటోలో వెలుగునీడల్ని చూపే గ్రాఫు) కుడి గోడకు ఆనకుండా చూసుకుంటే నేత కనిపిస్తుంది, లేదంటే తెల్ల కాగితం కట్టుకున్నట్టు ఉంటుంది. ఫొటో తప్పిపోతే తప్పిపోయింది. మళ్లీ పెట్టమని మాత్రం అడగకండి, ముహూర్తం వాళ్లది.

తాళి కట్టేటప్పుడు గట్టిమేళం మోగగానే అక్షింతలు వేయడానికి జనమంతా లేచి ముందుకొస్తారు, మనకు వీపులు మిగులుతాయి. పెద్దవాళ్ల కుర్చీలు పీటలకు రెండు పక్కలా వేయించి, ఎదురుగా నాలుగడుగుల దారి వదలమని ఇంటి పెద్దకు పొద్దున్నే చెప్పుకోవాలి. దగ్గరి మనిషి ఎవరైనా, పెళ్లికూతురి బాబాయి లాంటివాళ్లు, ఆ దారి కాస్తే ఇంకా మంచిది. తలంబ్రాలకు 1/800 పెడితే గింజలు గాల్లో నిలుస్తాయి, 1/200 అయితే గీతల్లా సాగుతాయి. నాకు మొదటిదే ఇష్టం. లెన్స్‌కు హుడ్ (ముందు తొడిగే గొట్టం) తప్పనిసరి. పసుపు బియ్యం పొడి ఫ్లాష్ తగిలించే చోట చేరితే ఫ్లాష్ సరిగ్గా అంటుకోదు. తలంబ్రాలు కాగానే బ్రష్‌తో దులపండి.

హోమం పొగలో ఫ్లాష్ కొడితే తెల్లటి తెర తప్ప ఏమీ రాదు. గాలి ఎటు వీస్తోందో చూసి, గాలి వచ్చే వైపున నిలబడి, ఫ్లాష్ ఆపేయండి.

వంట దగ్గరకు మాత్రం తెల్లవారుజామున నాలుగింటికే వెళ్లాలి. గాడిపొయ్యి నిప్పుల వెలుతురు కింది నుంచి ముఖాల మీద పడుతుంది, గుండిగల ఆవిరి వెనక వంటవాళ్లు నీడల్లా కదులుతుంటారు. 35 ఎం.ఎం. లెన్స్, ఎఫ్/2, 1/125, ఐఎస్ఓ 6400. రాత్రంతా ఏసీ గదిలో పెట్టిన కెమెరా అక్కడికి తెస్తే అద్దం మీద చెమ్మ పడుతుంది. ముందే సంచీతో సహా వరండాలో పెట్టి ఉంచాలి.

రాత్రి ముహూర్తాల్లో జనరేటరుతో జాగ్రత్త. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ఎల్ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెడితే ఆ మిణుకు వల్ల ఫొటోలో చారలు రావు. జనరేటరు మీద బరువు పెరిగి వేగం తగ్గితే ఆ లెక్క కూడా తప్పుతుంది. అప్పుడు ఎలక్ట్రానిక్ షట్టర్ వదిలి మెకానికల్ షట్టర్‌కు మారి, ఒకేచోట నాలుగైదు ఫొటోలు తీసుకోండి. తోటలో మోటారు లైనుకు కరెంటు వేళలు వేరుగా ఉంటాయి, షెడ్డులో ప్లగ్గు కనిపించిందని ధీమా పడొద్దు. ఒక్కో కెమెరాకు నాలుగు బ్యాటరీలు నిండా ఉండాలి.

జంట ఫొటోలకు మధ్యాహ్నం వద్దు. మే నెలలో పన్నెండింటికి సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, కళ్ల కింద గుంతలు పడతాయి. సాయంత్రం ఐదున్నర నుంచి ఆరుంపావు దాకా చెట్ల వరసల మధ్య ఎండ పక్కవాటుగా వస్తుంది. కొమ్మ కిందకు తీసుకెళ్లేముందు పైకి చూడండి. అప్పుడే కాయ కోసిన తొడిమ నుంచి సొన కారుతుంది. పట్టుచీర మీద పడితే మరక పోదు, ఒంటి మీద పడితే పొక్కుతుంది. ఆకులు కలిపి గూడు కట్టుకునే ఎర్రచీమలూ ఆ కొమ్మల్లోనే ఉంటాయి. కుటుంబమంతా కలిసిన ఫొటోకు ట్రాక్టరు ట్రక్కును మించిన మెట్టు లేదు. వెనక వరస ట్రక్కు మీద, మధ్య వరస నేల మీద, అమ్మమ్మలూ నాయనమ్మలూ ముందు నులక మంచం మీద. 35 ఎం.ఎం., ఎఫ్/8, కనీసం ఆరు ఫొటోలు. ముప్ఫై మందిలో ఎవరో ఒకరు కళ్లు మూస్తూనే ఉంటారు.

భోజనాలు మొదటి బంతితో తీసి ఆపేయకండి. వడ్డించినవాళ్లూ, వంటవాళ్లూ, పందిరి వేసినవాళ్లూ కూర్చునేది చివరి బంతికి, మూడు దాటాక. అప్పటికి పడమటి ఎండ చూరు కింద నుంచి విస్తళ్ల దాకా వచ్చి, అరిటాకులు వెనక నుంచి వెలుగుతుంటాయి. సాయంత్రానికి ముందు ఆ తోటలో దొరికే మంచి వెలుతురు అదే.