సీపీహెచ్‌క్యూ ప్రిపరేషన్: ముందు డినామినేటర్ తేలాలి

సీపీసీ (మెడికల్ కోడింగ్ సర్టిఫికేషన్ పరీక్ష) అయిపోయింది, తర్వాత ఏం రాస్తే బాగుంటుందని చూస్తున్న కోడర్లు, క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే నర్సింగ్ వాళ్ళు సీపీహెచ్‌క్యూ, అంటే హెల్త్‌కేర్ క్వాలిటీ సర్టిఫికేషన్ పరీక్ష గురించి తరచూ అడుగుతున్నారు. నేను బీఫార్మసీ చేసి కోడింగ్‌లోకి వచ్చాను. హెడిస్ (అమెరికా హెల్త్ ప్లాన్ల నాణ్యతను కొలిచే మెజర్లు) కోసం పేషెంట్ల చార్ట్ రివ్యూ చేస్తూనే ఈ పరీక్షకు చదివి పాసయ్యాను. నాకు బాగా పనికొచ్చిన విషయాలు రాస్తున్నాను.

పరీక్షలో 140 ప్రశ్నలుంటాయి, సమయం మూడు గంటలు. మార్కులు 125 ప్రశ్నలకే. మిగతా 15 ట్రయల్ ప్రశ్నలు, అవి ఏవో మనకు చెప్పరు. సీపీసీలో లాగా కోడ్ బుక్స్ ముందు పెట్టుకుని రాసేది కాదు. లీడర్‌షిప్, పేషెంట్ సేఫ్టీ లాంటి భాగాలు శ్రద్ధగా చదివితే వచ్చేస్తాయి. మనవాళ్ళు తడబడేది డేటా అనలిటిక్స్‌లో. నిజానికి కోడర్లకు బలం కావలసిన చోటు అదే, ఎందుకంటే ఆ లెక్కలకు ముడిసరుకు మనం వేసే కోడే.

ఏ మెజర్ (వైద్యం నాణ్యతను అంకెల్లో చూపే కొలత) అయినా సరే, ముందు డినామినేటర్, అంటే భాగహారంలో కింద ఉండే సంఖ్య తేల్చండి. బీపీ కంట్రోల్ మెజర్‌నే తీసుకోండి. హైపర్‌టెన్షన్ ఉన్న 18 నుంచి 85 ఏళ్ళ వాళ్ళలో, ఆ ఏడాది చివరి రీడింగ్ 140/90 కంటే తక్కువ ఉన్నవాళ్ళెందరు అన్నది ప్రశ్న. జాబితాలో 200 మంది ఉన్నారనుకుందాం. అందులో డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు, కిడ్నీ మార్పిడి అయినవాళ్ళు, హాస్పీస్‌లో (జీవిత చివరి దశ సంరక్షణలో) ఉన్నవాళ్ళు కలిపి 20 మంది. వాళ్ళను ముందే పక్కకు తీస్తే మిగిలేది 180. వాళ్ళలో 117 మందికి బీపీ అదుపులో ఉంటే రేటు 65 శాతం. 200తో భాగించిన వాళ్ళకు 58.5 వస్తుంది, ఆప్షన్లలో అదీ ఉంటుంది. డయాలసిస్ కోడ్ వేయకుండా వదిలేస్తే నిజం రిపోర్టులోనూ ఇదే తప్పు జరుగుతుంది.

ఇక రీడింగ్ సంగతి. ఒకే రోజు 148/84, 138/92 అని రెండు రీడింగులు రాసి ఉంటే ఏది తీసుకోవాలి? రూలు ప్రకారం సిస్టాలిక్‌లో (పై అంకె) తక్కువది, డయాస్టాలిక్‌లో (కింది అంకె) తక్కువది విడివిడిగా తీసుకోవాలి. అంటే 138/84. పేషెంటు న్యూమరేటర్‌లోకి, అంటే భాగహారంలో పై సంఖ్యలోకి వచ్చినట్టే. దీనికి వేసే సీపీటీ కేటగిరీ టూ కోడ్లు (నాణ్యత లెక్కల కోసం వేసే కోడ్లు) 3075ఎఫ్, 3079ఎఫ్. సరిగ్గా 140/90 ఉంటే మాత్రం రాదు, ఆ అంకెల కంటే తక్కువే ఉండాలి. ఎమర్జెన్సీలోనో, ఇన్‌పేషెంట్‌గా ఉన్నప్పుడో చూసిన బీపీ ఈ లెక్కకు పనికిరాదు. ఏడాదంతా రీడింగే లేకపోతే అదుపులో లేనట్టే లెక్క. ఈ వివరాలు సీపీహెచ్‌క్యూలో నేరుగా అడగకపోవచ్చు. కానీ ఒక్క మెజర్‌ను ఇంత లోతుగా చూసినవాళ్ళకు ఏ కొత్త మెజర్ ఇచ్చినా భయం ఉండదు.

ఎక్స్‌క్లూజన్, ఎక్సెప్షన్ రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. దీని మీద ఒక సాయంత్రమంతా పెట్టినా నష్టం లేదు. ఎక్స్‌క్లూజన్ ఉన్న పేషెంటు, వైద్యం అందినా అందకపోయినా, ముందే బయటకు పోతాడు. ఎక్సెప్షన్ అలా కాదు. ముందు వైద్యం అందిందా అని చూస్తాం. అందకపోతేనే, సరైన కారణం ఉంటేనే తీసేస్తాం. హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్లకు బీటా బ్లాకర్ అనే మందు రాశారా అన్న మెజర్ చూడండి. 150 మందిలో 90 మందికి రాశారు. రాయని 60 మందిలో 10 మందికి ఆస్తమా, ఈ మందు రాయకపోవడానికి సరైన కారణం. అది ఎక్సెప్షన్ కాబట్టి 90/140, అంటే 64.3 శాతం. మందు రాసిన 90 మందిలోనూ ఆరుగురికి ఆస్తమా ఉందనుకోండి. వాళ్ళు న్యూమరేటర్‌లోనే ఉంటారు. ఆస్తమాను ఎక్స్‌క్లూజన్‌గా పట్టుకుంటే ఆ ఆరుగురూ రెండు వైపులా పోయి 84/134 అవుతుంది, 62.7 శాతం. జాగ్రత్తగా చూసుకుంటూ మందు ఇచ్చిన డాక్టరు పని లెక్కలో కనబడకుండా పోతుంది. నాకు ఈ రూలు మీద గౌరవం కలిగింది అక్కడే. కేటగిరీ టూ కోడ్లకు పెట్టే 1పీ, 2పీ, 3పీ మాడిఫయర్లు (కోడ్ చివర చేర్చే గుర్తులు) ఇందుకే ఉన్నాయి: వైద్య కారణం, పేషెంటు కారణం, వ్యవస్థ కారణం. కారణమేదీ రాయకుండా చేయలేదంటే 8పీ. అప్పుడు పేషెంటు డినామినేటర్‌లోనే ఉంటాడు.

తిరగేసి చూడాల్సిన మెజర్లు కూడా ఉన్నాయి. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగర్ స్థాయి చెప్పే పరీక్ష) 9 శాతం దాటినవాళ్ళు ఎందరు అన్న మెజర్‌లో రేటు తగ్గితే మంచిది. పరీక్షే చేయని పేషెంటు కూడా అదుపు తప్పినవాళ్ళ లెక్కలోకే వెళ్తాడు. మొదట చూస్తే అన్యాయం అనిపిస్తుంది. కానీ చేయని పరీక్షకు మంచి మార్కు వేస్తే, షుగర్ పేషెంటును పిలిచి పరీక్ష చేయించే ఓపిక ఎవరికుంటుంది?

సగటుల దగ్గర కూడా కాస్త ఆగండి. ఒక క్లినిక్‌లో 45/50, ఇంకో చోట 350/500. రెండూ కలిపితే రేటెంత? 90, 70 కలిపి సగం చేసి 80 అనకూడదు. 395/550, అంటే 71.8 శాతం.

ఆసుపత్రుల నుంచి వచ్చే నర్సింగ్ వాళ్ళకు ఇన్ఫెక్షన్ రేట్లు తేలిక. యూరినరీ క్యాథెటర్ ఇన్ఫెక్షన్లు 3, క్యాథెటర్ డేస్ 1,200 అయితే వెయ్యి రోజులకు 2.5. ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతకు గుర్తింపు ఇచ్చే మన దేశ సంస్థ) గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో నెలనెలా వేసే లెక్క ఇదే. ఇక్కడ డినామినేటర్ పేషెంట్ల సంఖ్య కాదు, క్యాథెటర్ ఉన్న రోజులు. కోడింగ్ నుంచి వచ్చినవాళ్ళు ఈ ఒక్కటీ విడిగా సాధన చేయండి.

వీటితో పాటు రన్ చార్ట్ (కాలంతో పాటు అంకెలు ఎలా మారాయో చూపే గీత), కంట్రోల్ చార్ట్ (దానికే పై, కింది హద్దులు కలిపినది) తేడా, కంట్రోల్ చార్టుల్లో పీ చార్ట్ ఎప్పుడు, యూ చార్ట్ ఎప్పుడు అన్నది చూసుకోండి. శాతం రూపంలో వచ్చే మెజర్‌కు పీ చార్ట్, ఇందాకటి క్యాథెటర్ రేటు లాంటిదానికి యూ చార్ట్. చదివి వదిలేయకుండా, పైన రాసిన అంకెలు మార్చి మీరే పది లెక్కలు తయారు చేసుకుని కాగితం మీద వేయండి. పరీక్షలో లెక్క వచ్చినప్పుడు ఆప్షన్లు చూడకముందే డినామినేటర్ రాసుకుని, ఆ తర్వాత ఆప్షన్ల వైపు చూడండి.