రెండో గుడ్డ: లేబర్ రూమ్‌లో నా అనుభవం

మా జిల్లా ఆసుపత్రి లేబర్ రూమ్‌కు నేను హెడ్ నర్సుగా వచ్చేనాటికి నా సర్వీసు 17 ఏళ్లు. 2018లో, కాన్పు గదుల్లో వైద్యం నాణ్యత పెంచే ప్రభుత్వ ‘లక్ష్య’ పథకం కింద నన్నూ, పిల్లల డాక్టర్ గారినీ ఒక ట్రైనింగ్‌కు పంపారు. ఢిల్లీ ఎయిమ్స్, డబ్ల్యూహెచ్‌ఓ ఆగ్నేయాసియా కార్యాలయం కలిసి తయారుచేసిన పీఓసీక్యూఐ పద్ధతి, అంటే వైద్యం చేసే చోటే దాని నాణ్యత పెంచుకునే పద్ధతి, అక్కడ నేర్పారు. సమస్యను ఎంచుకుని టీమ్ కట్టాలి, కారణాలు వెతకాలి, మార్పును చిన్నగా చేసి చూడాలి, పనిచేసినదాన్ని నిలబెట్టుకోవాలి. ఉన్న మనుషులతో, ఉన్న సామానుతోనే. ఆ మాట నాకు బాగా నచ్చింది.

మేం ఎంచుకున్నది పుట్టిన పిల్లలు చల్లబడిపోవడం. పసిపిల్ల ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. తగ్గితే షుగర్ పడిపోతుంది, ఊపిరి కష్టమవుతుంది. బరువు తక్కువ పిల్లలకైతే ప్రాణం మీదికే వస్తుంది. ఇదంతా మాకు తెలుసు. కానీ రిజిస్టర్ తీసి చూస్తే టెంపరేచర్ గడిలో వరసగా ఒకటే అంకె: 36.8. ఎవరూ కొలవడం లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎవరినీ తిట్టకూడదనుకున్నాను. తిడితే మళ్లీ 36.8 రాస్తారు. థర్మామీటర్‌ను దారంతో, పిల్లల్ని వెచ్చగా ఉంచే వార్మర్‌కు కట్టి, పుట్టిన గంటకు చంకలో పెట్టి చూసి, ఎంత వస్తే అంతే రాయమన్నాను. వారం తిరిగేసరికి సగానికి పైగా పిల్లలు 36.5 కంటే తక్కువే.

కారణాలు వెతకడానికి కూర్చున్నప్పుడు డాక్టర్లు ఏసీ వల్లే అన్నారు, మేం వార్మర్లు చాలట్లేదన్నాం. మా ఆయమ్మ తలుపు దగ్గర నిలబడి వింటోంది. “నువ్వేమంటావక్కా?” అని అడిగాను.

“తుడిచిన గుడ్డలోనే చుట్టేస్తున్నం కద సిస్టరమ్మా. అది తడిసి ముద్దయి ఉంటది.”

ఎవరూ మాట్లాడలేదు. ఇన్నేళ్లలో ఎంతమంది పిల్లల్ని నా చేతులతో నేనే అలా చుట్టానో.

మరునాడు ఒకే ఒక్క కాన్పుకు రెండు గుడ్డలు పెట్టాం. మొదటిదాంతో తల నుంచి కాళ్ల దాకా తుడిచి పక్కన పడేశాం. పిల్లను తల్లి రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టి, నెత్తికి టోపీ పెట్టి, వార్మర్ కింద వెచ్చబడ్డ రెండో గుడ్డ ఇద్దరి మీదా కప్పాం. గంటకు చూస్తే 36.9. తర్వాత రోజు మూడు కాన్పులకు చేశాం. రాత్రి డ్యూటీకి వచ్చేసరికి బెడిసికొట్టింది, ఉతికిన గుడ్డలు ఆరలేదు. మెత్తటి పాత నూలు చీర చింపి, ఉతికి, ఆరేసి తెచ్చుకోమని గర్భిణులకు ఆశా వర్కర్లతో ముందే చెప్పించాం.

అసలు కష్టం అమ్మమ్మలతో వచ్చింది. స్నానానికి 24 గంటలు ఆగాలంటే ఒప్పుకోరు. “మైల పిల్లనెట్ల ఎత్తుకోవాలె బిడ్డా?” అని ఒక పెద్దావిడ నాతో గట్టిగా వాదించింది. ఆమె చేయి పట్టుకుని పిల్ల పొట్టకు ఆనించాను, తర్వాత పాదానికి. పొట్ట వెచ్చగా ఉంది, పాదం చల్లగా ఉంది. పిల్లకు చలేస్తోందనడానికి అదే గుర్తు. “అయ్యో, కాళ్లు సల్లగున్నయ్” అంటూ తనే పిల్లను తల్లి ఎద మీద సర్ది, గుడ్డ కిందికి లాగి కాళ్లు కప్పింది. మళ్లీ స్నానం మాట ఎత్తలేదు. అప్పటినుంచి ప్రతి అమ్మమ్మకూ చెప్పడం మానేసి అదే చూపిస్తున్నాం.

నెలలు గడిచేకొద్దీ గోడ మీది గ్రాఫ్‌లో వెచ్చగా ఉన్న పిల్లల గీత పైకి లేచింది. పక్క జిల్లాల నర్సులకు నేర్పమని నన్ను పంపారు. 2021లో నేపాల్ నర్సులతో ఆన్‌లైన్‌లో మాట్లాడమన్నారు. నా ఇంగ్లిష్‌తో ఎలా అని చాలా టెన్షన్ పడ్డాను. ఆయమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, బొమ్మకు రెండు గుడ్డలతో చేసి చూపించాను. కొండ ఊళ్లో పనిచేసే ఒక సిస్టర్ అడిగింది: కరెంటు లేనప్పుడు రెండో గుడ్డను ఎలా వెచ్చబెట్టాలి?

నాకు వెంటనే తోచలేదు. ఏమడిగిందో ఆయమ్మకు తెలుగులో చెప్పాను.

“తోడొచ్చిన మనిషిని ముందునుంచే ఆ గుడ్డను శాలువా లోపల పొట్టకు అదుముకుని కూసోమనుండ్రి” అంది.

నేను ఇంగ్లిష్‌లో చెప్తుంటే, అటువైపు ఆ సిస్టర్ తల వంచుకుని నోట్‌బుక్‌లో రాసుకుంటోంది.