పాత ఫ్లష్ ట్యాంకుకు కొత్త విడిభాగాలు: అడుగు వాషరు దగ్గర చిక్కుకున్న పని

గంటకు 14 మిల్లీమీటర్ల చొప్పున పడిపోతూ వచ్చిన నీటిమట్టం నిన్న రాత్రి పది గంటల్లో 3 మిల్లీమీటర్లు మాత్రమే తగ్గింది. మా కమోడ్ ఫ్లష్ ట్యాంకు లోపలి కొలత 38 × 16 సెంటీమీటర్లు కనుక, మట్టం ఒక మిల్లీమీటరు తగ్గితే సుమారు 61 మిల్లీలీటర్ల నీరు పోయినట్టు లెక్క. ఆ ప్రకారం రోజుకు 20 లీటర్లకు పైగా చప్పుడు లేకుండా కమోడ్‌లోకి జారిపోతున్న నీరు ఇప్పుడు అర లీటరు లోపుకు దిగింది. వేసవి వచ్చేసరికి బోరు అడుగంటి ట్యాంకరు కోసం ఎదురుచూసే హైదరాబాదు ఇళ్ళలో ఇది చిన్న విషయం కాదు. ఈ ఫలితం నాకు పెద్ద సంతోషాన్నిచ్చింది. ఆ మిగిలిన 3 మిల్లీమీటర్లు ఎటు పోతున్నాయన్నది మాత్రం ఇంకా తేలవలసి ఉంది.

కమోడ్ మొత్తాన్ని మార్చడం తేలికని సలహా ఇచ్చినవారు చాలామంది ఉన్నారు. కానీ 1990ల నాటి ఈ పింగాణీ ఎక్కడా బీటలు వారలేదు, గ్లేజు (పైని గాజు పూత) చెదరలేదు. పైగా నేలలోకి దిగే ఎస్ ట్రాపు (గిన్నె కింది వంపు గొట్టం) కదిలితే టైల్సు పగలగొట్టక తప్పదు. లోపలి ప్లాస్టిక్కు, రబ్బరు అరిగిపోయినంత మాత్రాన నిక్షేపంలాంటి పింగాణీని పారవేయడం నాకు సమ్మతం కాదు.

భాగాలు ఎంచుకునేటప్పుడు నాకు మొదట అడ్డువచ్చినది ట్యాంకు మూత. మార్కెట్లో దొరికే డ్యూయల్ ఫ్లష్ (నీటిని తక్కువగానో, పూర్తిగానో వదిలే) సెట్లన్నీ దాదాపుగా మూత మధ్యలో బటను బిగించే రకానివే. మా మూతకు రంధ్రం లేదు. ట్యాంకు ముందు వైపు ఎడమ మూలన లివరుకు మాత్రమే రంధ్రం ఉంది. డైమండు కోర్ బిట్టుతో మూతకు రంధ్రం చేయవచ్చని చెబుతారు గాని, ఆ మూత పగిలితే దానికి జత దొరకదు. అందువల్ల లివరుతో పనిచేసే ఫ్లష్ వాల్వునే (ట్యాంకు నీటిని గిన్నెలోకి వదిలే భాగం) వెతికాను. ఇందులో ఇంకొక కారణం కూడా ఉంది. ఈ కాలపు కమోడ్లు పూర్తి ఫ్లష్‌కు 6 లీటర్లతో శుభ్రపడేలా తయారవుతాయి, పాతవాటి గిన్నె 10 లీటర్ల ఉరవడిని దృష్టిలో పెట్టుకుని మలిచినది. అటువంటి గిన్నెకు 6 లీటర్ల సెట్టు బిగిస్తే నీరు ఆదా కాదు, రెండోసారి లివరు నొక్కవలసి వస్తుంది. అడుగు నుంచి 195 మిల్లీమీటర్ల ఎత్తున మట్టం నిలిపి, అడుగున మిగిలిపోయే 28 మిల్లీమీటర్లను తీసివేస్తే మా ట్యాంకు ఒక ఫ్లష్‌కు దాదాపు 10 లీటర్లు ఇస్తుంది. దాన్ని అలాగే ఉంచాను.

నీరు నింపే వాల్వు ఏ ఇబ్బందీ లేకుండా కూర్చుని, తొలి రోజు నుంచి నిశ్శబ్దంగా పనిచేస్తోంది. కొనేవారు రెండు సంగతులు మాత్రం గమనించాలి. ఆన్‌లైన్‌లో కనిపించే అమెరికా తరహా వాల్వుల మర (స్క్రూ చుట్లు) 7/8 అంగుళాలది. మన కనెక్షన్ పైపుల అర అంగుళం బీఎస్పీ (బ్రిటిష్ ప్రమాణపు పైపు) మర దానికి కుదరదు. అర అంగుళం బీఎస్పీ మర బయటి వ్యాసం సుమారు 21 మిల్లీమీటర్లు కాబట్టి కాలిపర్ దగ్గరుంటే దుకాణంలోనే తేల్చుకోవచ్చు. రెండవది నీటి ఒత్తిడి. డాబా మీది ట్యాంకు నుంచి నేల అంతస్తుకు నాలుగైదు మీటర్ల ఎత్తు, అంటే అర బార్ (ఒత్తిడి కొలమానం) కన్నా మించని ఒత్తిడి మాత్రమే వస్తుంది. పురపాలక పైపుల బలమైన ఒత్తిడికి రూపొందించిన వాల్వు ఇక్కడ సన్నగా నింపుతుంది, లేదా సరిగా మూసుకోదు.

బ్రాండ్ల విషయంలో నా అభిప్రాయం ఇది. ట్యాంకు హింద్‌వేర్‌దో, పారీవేర్‌దో, సెరాదో అయి, మోడలు పేరు తెలిసి ఉంటే ఆ కంపెనీ విడిభాగాన్నే కొనడం మేలు, ధర కాస్త ఎక్కువైనా సరే. ముద్ర చెరిగిపోయిన పాత ట్యాంకుకు మాత్రం బ్రాండు పేరు ఏమీ చెప్పదు, కొలతలే చెబుతాయి. అన్ని ట్యాంకులకూ సరిపోతుందని పెట్టె మీద అచ్చువేసిన మాటను నేను లెక్కలోకి తీసుకోను. హైదరాబాదులోని ట్రూప్ బజార్ దుకాణాల్లో పాత భాగాన్ని చేతికిచ్చి, పక్కన పెట్టి పోల్చుకునే అవకాశం ఉంటుంది కనుక నా ఓటు వాటికే.

ఇక అసలు సమస్య. కొత్త ఫ్లష్ వాల్వు బిగించి, తుప్పుపట్టిన ఇనుప బోల్టుల చోట ఇత్తడివి వేసి, ట్యాంకుకు గిన్నెకు మధ్య కొత్త స్పాంజి గాస్కెట్టు పెట్టాక కూడా మట్టం నిలవలేదు. యాంగిల్ కాక్ (ట్యాంకుకు నీరిచ్చే గోడ కుళాయి) కట్టేసి చూసినా తగ్గుదల ఆగకపోవడంతో నింపే వాల్వు మీద అనుమానం తొలగిపోయింది. ఎక్కువైన నీటిని గిన్నెలోకి దించే పొంగు గొట్టం అంచు మట్టానికి 20 మిల్లీమీటర్ల పైన ఉంది కాబట్టి నీరు అటు వెళ్ళే వీలు లేదు. వంటల్లో వాడే ఎర్రరంగు ట్యాంకులో కలిపితే అరగంటలో గిన్నెలో రంగు కనిపించింది, బయట మాత్రం ఎక్కడా తడి లేదు. ఇటువంటప్పుడు వాల్వు నోటికి ఆనుకునే సీలు రింగునే అందరూ అనుమానిస్తారు, నేను దాన్ని మార్చి కూడా చూశాను. వేగం గంటకు 14 మిల్లీమీటర్ల వద్దే ఉండిపోయింది.

దారి చూపింది అడుగున మిగిలే నీరు. వాల్వు నోరు ట్యాంకు అడుగుకు 28 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. ఫ్లష్ చేశాక అంతమేర నీరు ట్యాంకులో నిలిచి ఉండాలి. లీకు సీలు రింగు దగ్గరైతే ఆ నీరు కదలదు. కాక్ కట్టి, ఫ్లష్ చేసి, ఆరు గంటల తర్వాత కొలిస్తే 28 కాస్తా 19 అయింది. అంటే నీరు వాల్వు మొదట్లో, ట్యాంకు అడుగుకు ఆనుకునే పెద్ద వాషరు కింద నుంచి పోతోంది. మర వెంట దిగి నట్టు దాటిన ఆ నీరు స్పాంజి గాస్కెట్టు వలయం లోపలే ఉండి నేరుగా గిన్నెలోకి చేరుతుంది కనుక బయట తడి కనిపించదు. ఇలా గిన్నె మీదే కూర్చునే ట్యాంకుల్లో ఈ దారిని చాలామంది ప్లంబర్లు కూడా పట్టించుకోరని నా అనుభవం.

ట్యాంకును దించి అడుగు రంధ్రం కొలిచాను. అది గుండ్రంగా లేదు: ఒక వైపు 66, ఇంకొక వైపు 63.5 మిల్లీమీటర్లు. పింగాణీ బట్టీలో కాలేటప్పుడు నూటికి పది పన్నెండు వంతుల దాకా కుంచించుకుపోతుంది కాబట్టి ఈ తేడా ఆశ్చర్యం కాదు. వాల్వు మర రెండు అంగుళాల బీఎస్పీది, దాని బయటి వ్యాసం 59.6 మిల్లీమీటర్లు. రంధ్రంలో అంత ఖాళీ ఉండటంతో నట్టు బిగించేటప్పుడు వాల్వు ఒక పక్కకు జరిగి, వాషరు ఆ పక్క అంచును ఎక్కువగా, ఎదుటి అంచును చాలా తక్కువగా కప్పుతోంది. పైగా రంధ్రం చుట్టూ ఉక్కు స్కేలు నిలిపి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకులు) దూర్చి చూస్తే, గోడ వైపు భాగంలో గ్లేజు 0.7 మిల్లీమీటర్ల మేర పల్లంగా ఉంది. సెట్టుతో వచ్చిన వాషరు గోటితో నొక్కినా గుంట పడనంత గట్టిది, మందం 3 మిల్లీమీటర్లు. అది ఆ పల్లాన్ని నింపలేదు.

నట్టును ఇంకా బిగించడం పరిష్కారం కాదు. ప్లాస్టిక్కు మర జారుతుంది, లేదా పింగాణీ చిట్లుతుంది. చేతితో బిగించాక పానాతో పావు చుట్టు మించి నేను తిప్పను. సిలికాన్ పూసి అతికించడం కూడా నాకు నచ్చదు. తడి ఏమాత్రం మిగిలినా అది పట్టదు, పట్టిందంటే తర్వాతి మరమ్మతులో దాన్ని గీకి తీయడం పెద్ద పని.

వాల్వును రంధ్రం మధ్యలో నిలపడానికి 63 మిల్లీమీటర్ల పీవీసీ పైపు పనికివచ్చింది. పలుచని గోడ ఉన్న రకంలో లోపలి వ్యాసం దాదాపు 60 వస్తుంది కాబట్టి అది మర మీదికి సరిగ్గా ఎక్కుతుంది, బయటి వైపు రంధ్రంలోనూ ఇముడుతుంది. పింగాణీ మందం 11 మిల్లీమీటర్లు. ఆ పైపు నుంచి వలయాన్ని 9 మిల్లీమీటర్లకే కోశాను, ఎందుకంటే అది పొడుచుకువస్తే నట్టు బిగువు వాషరు మీద పడదు. ఈ మార్పుతో వేగం గంటకు 14 నుంచి 5 మిల్లీమీటర్లకు తగ్గింది. ఆ తర్వాత రాణీగంజ్‌లో 5 మిల్లీమీటర్ల మెత్తని ఈపీడీఎం (ఒక రకం కృత్రిమ రబ్బరు) షీటు కొని, 59 లోపలి వ్యాసం, 82 బయటి వ్యాసంతో వాషరు కోసి, సన్నగా సిలికాన్ గ్రీజు రాసి బిగించాను. వాజలిన్ వంటివి ఈపీడీఎంను ఉబ్బిస్తాయి, అందుకని వాటిని దగ్గరకు రానివ్వకూడదు. నిన్నటి ఫలితం ఈ వాషరుదే.

ఇప్పుడు అడుగున మిగిలే 28 మిల్లీమీటర్ల నీరు రాత్రంతా కదలకుండా ఉంటోంది, కానీ ట్యాంకు నిండుగా ఉంటే 3 మిల్లీమీటర్లు తగ్గుతోంది. పక్కన వేరే పాత్రలో పెట్టిన నీరు అదే సమయంలో ఒక మిల్లీమీటరు కూడా తగ్గలేదు కాబట్టి అది ఆవిరి కాదు. నిండు మట్టం బరువుకు గోడ వైపు పల్లం దగ్గర కొద్దిగా ఊరుతోందా, లేక ఈసారి పైనున్న సీలు రింగే కారణమా అన్నది తేల్చాలి. నా అనుమానం రెండవదాని మీద ఉంది. మా బోరు నీటిలో సున్నం ఎక్కువ, వాల్వు నోటి అంచు మీద అప్పుడే తెల్లటి గరుకు వేలికి తగులుతోంది. వాల్వు పైభాగం పావు చుట్టు తిప్పితే ఊడివస్తుంది గనుక ఈ ఆదివారం ట్యాంకును దించకుండానే దాన్ని తీసి, రింగును, నోటి అంచును నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటితో శుభ్రం చేసి, మళ్ళీ పది గంటలు కొలుస్తాను. రింగు మీద గీత పడి ఉంటే ఈసారి సిలికాన్ రబ్బరు రింగు వేయాలని ఉంది. దానికి సిలికాన్ గ్రీజు మాత్రం రాయకూడదు.

అది తేలాక వెనుక గదిలోని ఇండియన్ టాయిలెట్ ప్లాస్టిక్ ట్యాంకు పని మొదలుపెడతాను. అందులోని బాల్ కాక్ (తేలే బంతితో మూసుకునే నింపే వాల్వు) పిస్టను వాషరు అరిగింది, ఫ్లోటు కడ్డీ వంగింది. దానికి ఐ.ఎస్. 1703 (భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న ఇత్తడి బాల్ కాక్ తీసుకోవాలా, లేక ఇక్కడ చక్కగా పనిచేస్తున్న రకం నింపే వాల్వే వేయాలా అన్నది ఆ ట్యాంకు పక్కగోడకు ఉన్న రంధ్రం కొలిచాక నిర్ణయిస్తాను.